అద్దాలయ్య

మా మునికుమార్ రేసు కారు తోలేటప్పుడు ముందుకంటే అద్దంలోకే ఎక్కువ చూస్తాడు. దేశంలోని పేరున్న డ్రైవర్లందరూ ముందున్న కారు మీద కళ్ళు పెట్టి దూసుకుపోతుంటే, ఈయన పక్క అద్దంలో ఏదో వెతుక్కుంటూ ఉంటాడు. హెల్మెట్‌లో మీసం కనపడదు కాబట్టి మీసం చూసుకుంటున్నాడని అనడానికీ వీల్లేదు. అయినా మా జట్టువాళ్ళు అనేశారు. అద్దాలయ్య అని పేరు కూడా పెట్టేశారు.

నేను స్టెల్లాను. మాది రేణిగుంట. చెన్నై దగ్గర రేసు జరుగుతున్నంతసేపూ ట్రాకు పక్కన కూర్చుని రేడియోలో అతనితో మాట్లాడే ఇంజనీరుని. నాకంటే పెద్దవాడైనా నన్ను అక్కా అంటాడు. అదీ భరించాను.

పనితనానికి మాత్రం వంక పెట్టలేం. చంద్రగిరి మనిషి, తిరుమల ఘాట్ రోడ్డులో జీపు తోలి వచ్చినవాడు. మలుపు కనబడితే అతనికి పండగే. ఒక ఆదివారం అందరినీ వెనక్కి నెట్టి గెలుస్తాడు. మరుసటి ఆదివారం అదే కారులో, అదే ట్రాకు మీద, అందరికంటే ఆఖరున నింపాదిగా వస్తాడు. ఏమైందని అడిగితే సాకు సిద్ధంగా ఉంటుంది.

"హెల్మెట్‌లోకి ఈగ దూరిందక్కా."

"అంత స్పీడులో ఈగ యాడ దూరుతుందప్పా?"

"నాకూ అదే అర్థం కాలా. గట్టి ఈగ."

ఇంకోసారి కాలు తిమ్మిరెక్కింది. మరోసారి ఎండ కంట్లో కొట్టింది. ఆ రోజంతా మబ్బే.

జట్టు యజమాని దేవనాథన్ గారిది తిరుపతి. కోపం వచ్చేకొద్దీ ఆయన గొంతు తగ్గుతుంది. సీజను చివరి రేసు ముందు ఆయన మాట వినడానికి నేను వంగాల్సి వచ్చింది.

"ఆ అద్దాలు పీకెయ్యమ్మా."

"రూల్స్ ఒప్పుకోవు సార్."

"అయితే డ్రైవర్నే పీకేస్తా. ఇది గెలిస్తే ఉంటాడు. లేకుంటే జీపు తోలుకుంటాడు."

"జీపూ మంచి బండే సార్" అన్నాడు పక్కనే ఉన్న మునికుమార్. అన్నాడే గానీ ఆ పూట సంగటి ముద్ద ముట్టుకోలేదు.

రేసులో మనవాడే ముందు. వెనక హృషీకేశ్ అని, వేరే జట్టు కుర్రాడు. ఇంకాసేపట్లో గెలుస్తామనగా రేడియో పలికింది.

"అక్కా, అద్దంలో హృషీకేశ్ బండి లేదు."

"మంచిదే గదా. నువ్వు పో."

"ఇంతసేపూ ఉండె. మలుపు తిరిగినాక లేదు. యాడో గుద్దుకున్నట్టుండాడు."

"మునీ, అద్దం వదిలెయ్. సీటు పోతుంది."

"వాడు చెయ్యి ఎత్తితే పోతానక్కా. ఘాట్ రోడ్డులో బండి ఆగిపోతే, ఆ డ్రైవరు నేను బాగుండానని చెయ్యి ఎత్తేదాకా ఎవురూ దాటి పోకూడదు. మా నాయన నేర్పినాడు."

కారు గడ్డి మీదికి తీసి ఆపాడు. దిగి వెనక్కి పరుగెత్తాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఈగ దూరిన రోజు ఒక కారు మట్టిలో దిగబడింది. కాలు తిమ్మిరెక్కిన రోజు ఇంకొకటి టైర్ల గోడకు గుద్దుకుంది. ప్రతిసారీ ఈయన వేగం తగ్గించి, వాళ్ళ చెయ్యి లేచిందో లేదో చూసుకుని గానీ కదల్లేదన్నమాట.

తెర మీద చూస్తున్నాం. కారు తలకిందులుగా ఉంది, పొగ వస్తోంది. ట్రాకు సిబ్బంది కంటే ముందే మునికుమార్ చేరుకున్నాడు. బిగుసుకుపోయిన బెల్టుతో పెనుగులాడి కుర్రాణ్ణి బయటికి లాగాడు. హృషీకేశ్ గడ్డి మీద కూర్చుని, దగ్గి, మెల్లగా చెయ్యి ఎత్తాడు. దేవనాథన్ గారు కుర్చీలో కూలబడ్డారు.

అప్పటికే ఎర్రజెండా చూపి రేసు ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టలేదు. అలా ఆగిన రేసులో అంతకు ముందు చుట్టు పూర్తయ్యేటప్పటికి ఎవరు ఏ స్థానంలో ఉన్నారో అదే లెక్క. మనవాడే మొదటివాడు. ఆ సంగతి తెలియని మునికుమార్ ఒంటినిండా మట్టితో, తల వంచుకుని వచ్చాడు.

"సార్, హెల్మెట్‌లోకి ఈగ..."

"ఈగ సంగతి తర్వాత చూస్తాం. ముందు సంగటి తిను" అన్నారు దేవనాథన్ గారు, అందరికీ వినబడేంత గట్టిగా. తర్వాత నా వైపు తిరిగారు.

"స్టెల్లా, రూల్స్ ఒప్పుకునేదాంట్లో అన్నిటికంటే పెద్ద అద్దాలు తెప్పించమ్మా."