టీచరమ్మను దిద్దిన రోజు

మా పక్కింటి ఇంగ్లీషు టీచరమ్మ పోయిన మంగళవారం ఉదయం కన్నుమూశారు. సూళ్లూరుపేటలో మా రెండు వరండాలకూ మధ్య ఒక పిట్టగోడే అడ్డం. దానికి ఇవతల కూర్చుని ఏళ్ల తరబడి ఆవిడ పాఠాలు విన్నాను.

రిటైరయ్యాక కూడా సాయంత్రాలు పులికాట్ సరస్సు ఒడ్డు పిల్లలకు, ఒకేలా కనిపించి తికమక పెట్టే ఇంగ్లీషు మాటలు నేర్పేవారు. ఒకసారి ఎవరి చొక్కాకో వేలాడుతున్న గుండీ పట్టుకుని, "ఇది లూస్. ఊడి యాడన్నా పడిపోతే లూజ్. పోగొట్టుకున్నాం గదా, అందుకే దాంట్లో ఒక 'ఓ' తక్కువ" అన్నారు.

"మా నాయన లుంగీ కూడా లూసే టీచరమ్మా!" అంది ఒక పిల్ల.

"బిగించి కట్టుకోమను మే. పడవలో పరువు లూజ్ అవుతాది."

తప్పు రాస్తే కొట్టేసేవారు కాదు. పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి ఊరుకునేవారు. "ఎవురి తప్పు వాళ్లకే దొరకాలక్కా. నలుగుర్లో చూపిస్తే సిగ్గుపడతారు గానీ నేర్చుకోరు" అనేవారు. నాకది నచ్చేది కాదు. గోడ గడియారం ఒక్క నిమిషం వెనకబడినా సహించని మనిషిని నేను.

కిందటి వేసవిలో ఆవిడ బోర్డు మీద 'యాక్సెప్ట్' కింద 'తప్ప' అనీ, 'ఎక్సెప్ట్' కింద 'ఒప్పుకోవడం' అనీ రాశారు. చిక్కుడుకాయలు వలుస్తున్న నేను, "అటుదిటు అయినాయి టీచరమ్మా, చూసుకోండి!" అని గట్టిగా అన్నాను. పిల్లలు నవ్వారు. ఆవిడ బోర్డు వైపు చాలాసేపు చూసి, "యాడక్కా?" అన్నారు. నేనే వెళ్లి, చాక్‌పీసు తీసుకుని దిద్ది వచ్చాను. మర్నాటి నుంచి పిల్లలు రాలేదు. ఆవిడే వద్దన్నారట.

మతిమరుపు జబ్బని డాక్టరు చెప్పి అప్పటికే ఏడాదయిందని ఆవిడ కూతురు తర్వాత నాతో అంది. "పిల్లోళ్లకి చెప్తా ఉన్నన్నాళ్లు మాటలు నా దగ్గిరే ఉంటాయి అని మా అమ్మ అనేది పెద్దమ్మా."

ఆ ఆసరా లాగేసింది నేను. ఈ మాట మీ ముందైనా ఒప్పుకోవాలి. క్షమించమని అడగాలని రోజూ అనుకున్నాను. అడిగేలోపు ఆవిడకు ఆ రోజన్నదే గుర్తు లేకుండా పోయింది.

చివరి నెలల్లో వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆవిడ ఎంతో శ్రద్ధగా ఏవో గీతలు గీసి, అక్షరమన్నది లేని ఆ కాగితాన్ని నా ముందు పెట్టారు.

"సరిగ్గా ఉండాదా టీచరమ్మా?" అని నన్ను అడిగారు.

"అంతా సరిగ్గా ఉండాదమ్మా. ఒక్క తప్పు కూడా లేదు."

ఆవిడ చిన్నపిల్లలా నవ్వి, కాగితం తిప్పి, రెండో వైపు రాయడం మొదలుపెట్టారు.