అన్నయ్య ఆపిన టీకా

రొయ్యల చెరువుల విషయంలో మా అన్నయ్యకున్న పేరు మొగల్తూరు చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. క్రిముల్ని చంపే మందూ, నీటికి మేలుచేసే బ్యాక్టీరియా మందూ ఒకేరోజు చల్లకూడదని, చల్లితే మొదటిది రెండోదాన్ని చంపేస్తుందని ఆయన చెబితే పక్క రైతులు మారుమాట్లాడకుండా వినేవారు. నాన్న పోయాక నన్ను చదివించి పెళ్లి చేసింది ఆయనే. ఆయన మాట నాకు వేదవాక్కు.

పురిటికి పుట్టింటికొచ్చి పాపతో అక్కడే ఉన్నాను. నెలన్నర నిండగానే నర్సమ్మ వచ్చి, ఐదు జబ్బులకి కలిపి వేసే టీకా వేయించమంది. అన్నయ్య ఆమెను గుమ్మంలోంచే పంపేశాడు.

“చెరువులోనే రెండు మందులు కలిపి కొట్టం గదమ్మా. ఇంత పసిపిల్లకి ఐదూ ఒకేసారి పొడిచేస్తే ఏం తట్టుకుంటది? మీ ఇంటికెళ్లాక నెమ్మదిగా వేయించుకుందువుగాని,” అన్నాడు.

డిగ్రీ చదివినదాన్ని, అయినా ఆ మాట నాకెంతో సబబుగా తోచింది. రాజమండ్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి అడిగితే, అన్నయ్య మాటనే నా మాటగా చెప్పాను. నర్సమ్మ మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లిపోయింది.

మూడో నెలలో పాపకి దగ్గు పట్టుకుంది. దగ్గు తెర వచ్చిందంటే ఊపిరి అందేది కాదు, పెదవులు నీలంగా మారిపోయేవి. భీమవరం ఆసుపత్రిలో చేర్చాం. కోరింత దగ్గు అన్నారు. బతుకుతుందని గట్టిగా చెప్పినవాళ్లు లేరు.

టీకా ఎందుకు వేయించలేదని పిల్లల డాక్టరుగారు అడిగారు. నేను చెరువు సంగతి చెప్పాను. ఆయన విసుక్కోలేదు.

“చెరువు లెక్క వేరమ్మా. ఇవి కలిపి ఇవ్వడానికే తయారుచేసి, కలిపే పరీక్షించి ఇస్తారు. ఒకటి రెండ్రోజులు జ్వరం, సూది వేసినచోట వాపు మామూలే. పెద్ద ఇబ్బంది రావడం చాలా అరుదు. కోరింత దగ్గు రాకుండా కాపాడే మందు అందులోనే ఉంది. మీ ఇంట్లో ఇంకా చిన్నపిల్లలున్నారా? వాళ్లకీ వేయించలేదా?”

పక్కనున్న వదిన తల వంచుకుంది. “మా బాబుకి అన్నీ వేయించామండి. మా ఆయనే దగ్గరుండి తీసుకెళ్లారు.”

వరండాలోకి వెళ్లి అన్నయ్యని అడిగాను. బుకాయించలేదు.

“మావాడికి జ్వరమొచ్చి మర్నాటికి తగ్గిపోయింది. నీ సంగతి వేరమ్మా. పురిటికొచ్చినదానివి. మా ఇంట్లో ఉండగా పాపకి ఒళ్లు కాలితే మీ అత్తగారివాళ్లతో నేను మాట పడాలి. నిన్ను పంపించాక వాళ్లే వేయించుకుంటారులే అనుకున్నాను.”

అంటే చెరువు కబుర్లన్నీ నన్ను నమ్మించడానికి చెప్పినవే. నా ఒళ్లు మండిపోయింది. నా బిడ్డ ఊపిరికన్నా తన మీదికి రాబోయే ఒక్క మాట ఆయనకి ఎక్కువైంది.

ఆ సాయంత్రం మా ఆయన మెట్లెక్కి వస్తుంటే అన్నయ్య ఎదురెళ్లాడు.

“మేం ఎంత చెప్పినా వినలేదు బావగారూ. టీకా వద్దని మా చెల్లే పట్టుబట్టింది.”

కాదని నేను ఏడుస్తూ చెప్పాను. “ఫోన్లో నువ్వే కదా వద్దన్నావు,” అన్నాడు మా ఆయన.

పాప బతికింది. తర్వాత టీకాలన్నీ వేయించాను. వేసిన ప్రతిసారీ కాస్త ఒళ్లు వెచ్చబడేది, తగ్గిపోయేది. మొన్న పాప పుట్టినరోజుకి అన్నయ్య వచ్చాడు. మా అత్తగారు ఆ పాత సంగతి ఎత్తి నన్ను దెప్పుతుంటే, ఆయన కాఫీ తాగుతూ, “చిన్నపిల్లండి, తెలీక చేసింది, పోనివ్వండి,” అన్నాడు.