చిలకపచ్చ నీళ్ళు

నా చిన్నప్పుడు ధర్మవరంలో మేము వెళ్ళే సినిమా హాలుకు మేడ ఉండేది. ఊరివాళ్ళకు అది పెద్ద గొప్ప. నాకు మాత్రం ఆ హాలు తలచుకుంటే ఈనాటికీ ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. మేడ మీద డబ్బున్న మగవాళ్ళకు కుర్చీలు, కింద గోడవార ఆడవాళ్ళకు కటిక నేల. ఎక్కడ చూసినా వక్కాకు ఉమ్ములు, బీడీ ముక్కలు, ముక్కు పగిలే కంపు. ఆ కంపులోనే మా అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, రెప్ప వేయకుండా సినిమా చూసేది. మా ఇంట్లో పట్టునూలుకు రంగులు వేసేవాళ్ళు. పొద్దస్తమానం ఆ రంగులు మరిగే పొయ్యిల దగ్గర ఉడికిపోయే మనిషికి ఉన్న సరదా అదొక్కటే.

ఒక మధ్యాహ్నం ఆటలో నా పావడా తడిసిపోయింది. ఇంటర్వెల్లో దీపాలు వెలగగానే గేటు దగ్గరి మనిషి వచ్చి, నా పావడా కొస పట్టి ఎత్తి అందరికీ చూపించాడు.

"మీ పాప ఉచ్చ పోసిండాది సూడమ్మా! ఈ ఆడోళ్ళతో ఇదే పీడ."

మేడ మీద ఎవరో పకపకా నవ్వారు. నేను కాదు కాదని ఏడ్చాను. హాలు యజమాని వచ్చి, వచ్చే వారం నుంచి బిడ్డలతో వచ్చే ఆడవాళ్ళను రానిచ్చేది లేదన్నాడు. ఆ రోజుల్లో చంకన బిడ్డ లేకుండా సినిమాకు వచ్చే ఆడది ఎవరు? మా అందరికీ తలుపు మూసినట్టే. ఇంటికొస్తే నాయన కూడా పరువు పోయింది చాలు, ఇక మానుకోండి అన్నాడు.

అవ్వ మాత్రం నన్ను నువ్వేనా అని అడగలేదు. పావడా తీసి వాసన చూసి, ఛీ అని మొహం తిప్పుకుంది. "వక్కాకు కంపు కొడతాండాది. పాలపళ్ళ బిడ్డ వక్కాకు నమిలిండాదా?" అంది. పైకప్పు కారిందనుకోవడానికి వాన మొహం చూసి నెలలైంది. ఇక మిగిలింది మేడే. అక్కడ మగవాళ్ళు చేతులు కడుక్కోవడానికి ఒక మోరీ ఉండేది; దాని నీళ్ళు గోడ లోపలి గొట్టం గుండా కిందికి పోయేవి. మెట్లు దిగడానికి ఒళ్ళు బరువై, ఉమ్మడమూ, ఇంకా చెప్పరాని పనులూ అందులోనే కానిచ్చేవాళ్ళు.

మా వీధి కాలువలో నీళ్ళ రంగు చూసి, ఆ రోజు ఎవరింట్లో ఏ రంగు వేశారో పిల్లలం కూడా చెప్పేసేవాళ్ళం. అవ్వకు అదే ఉపాయంగా తోచింది. మర్నాడు బిందెనిండా చిలకపచ్చ రంగు కలిపి, నీళ్ళు పోసే మనిషిలా చంకన పెట్టుకుని మేడెక్కి, బిందె మొత్తం మోరీలో వంచి వచ్చింది. తరువాత నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అదే చోట, అదే గోడకు ఆనుకుని కూర్చుంది. తన వీపు మీదికి ఆ పాడు నీళ్ళు దిగుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది. అవ్వ కదల్లేదు.

ఇంటర్వెల్లో లేచి, నేరుగా యజమాని ముందుకు వెళ్ళి వీపు తిప్పింది. తెల్లచీర నిండా పచ్చటి చారలు.

"ఏమప్పా, ఏ బిడ్డ ఇంత పచ్చగా పోసిందో రవ్వంత సూసి చెప్పు!"

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మేడ మీద ఈసారి ఎవరూ నవ్వలేదు. యజమాని అప్పటికప్పుడు మేస్త్రీని పిలిపించాడు.

గోడ పగలగొడితే లోపలి మట్టిగొట్టం పగిలి ఉంది. నమిలి ఉమ్మిన వక్కాకు పిప్పి, బీడీ ముక్కలు, పురుగులు. పగలగొట్టిన మేస్త్రీ బయటికి పరుగెత్తి వాంతి చేసుకున్నాడు. తరువాత అందరికీ కనబడేలా గోడ బయట కొత్త గొట్టం దింపి, అతుకులకు సున్నం గచ్చు పెట్టాడు. బిడ్డల్ని రానివ్వననే మాట యజమాని మళ్ళీ ఎత్తలేదు. నా పావడా ఎత్తినవాడు మాత్రం తప్పయిందని ఒక్క ముక్క అనలేదు. ఆ గొట్టంలోని పురుగుల కన్నా వాడంటేనే నాకు ఇప్పటికీ రోత.

నేనూ అవ్వనయ్యాను. ఇంట్లో నేల తడిగా ఉంటే అందరూ పిల్లల వైపు చూస్తారు. నేను ముందు పైకి చూస్తాను. నువ్వేనా అని ఇంతవరకు ఏ బిడ్డనూ అడగలేదు.