మూడో నంబరు కంప్యూటర్

నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్‌కు పోయే సందుల ఒక నెట్ సెంటర్ ఉన్నది. అండ్ల దయ్యం తిరుగుతదని వాడకట్టంతా అంటున్నరు. మూడో నంబరు కంప్యూటర్ ముందట ఎవరూ లేకున్నా మెయిల్ పేజీ దానంతట అదే తెరుచుకుంటదట, చచ్చిపోయిన జిప్పోరా అనే పిల్ల వచ్చి తన మెయిల్ చూసుకుంటదట. అదంతా ఉత్తదే. సెంటర్ నడిపే సామ్ సుందర్ సంగతి తెలియనోళ్లు పుట్టించిన మాట అది.

సామ్ సుందర్ మొదట చాదర్‌ఘాట్‌ల టైపు నేర్పేటోడు. టైపు మిషన్లు మూలకు పడ్డంక ఈ సెంటర్ల చేరిండు. గప్పుడు రెండువేల ఒకటి. ఎనిమిది కంప్యూటర్లకూ నెట్ పోవాలంటే అతని ముందటి కంప్యూటర్ల నుంచే పోవాలె, ఇల్లంతటికీ ఒకటే దర్వాజ ఉన్నట్టు. దాన్ని ప్రాక్సీ అంటరు. అండ్ల ఏ కంప్యూటర్‌కు ఏ సైటు పేరు రాసిపెడితే ఆ కంప్యూటర్ల ఆ సైటు తెరుచుకోదు. పాడు సైట్ల పేర్లు వెతికి వెతికి రాసేటోడు సామ్. ఒంటరిగ వచ్చిన ఆడపిల్లల్ని తన కండ్ల ముందట, మూడో నంబరు కాడనే కూసోబెట్టేటోడు. అందుకే తల్లులు ఫికర్ లేకుంట పంపేటోళ్లు.

జిప్పోరా నర్సింగ్ చదివి సౌదీల ఉన్న దమ్మాంల ఒక దవాఖాన నౌకరికి అర్జీ పెట్టుకున్నది. జవాబు మెయిల్‌ల వస్తదని రోజూ నాలుగింటికి వచ్చేది. ఎవరో పిలగానితోని చాటింగ్ చేస్తున్నదని తండ్రి రిచర్డ్ చెవిన పడ్డది. ఆయన సామ్ పోయే చర్చిల సంఘ పెద్ద. ఆదివారం ఆరాధన అయినంక సామ్ భుజం మీద చెయ్యేసి, మా పిల్ల కూసునేకాడ చాటింగ్ బంద్ పెట్టుమన్నడు. పెద్దమనిషి మాట, సామ్ కాదనలేకపోయిండు.

తెల్లారి నుంచి జిప్పోరాకు మెయిల్ తెరుచుకోలే. అడిగితే కంప్యూటర్ ఖరాబైందన్నడు సామ్. వేరే సెంటర్‌కు ఇంట్ల పోనియ్యరు. ఇరవై మూడు దినాలు వచ్చింది, తెల్లటి తెర చూసింది, పోయింది. తెరుచుకున్ననాడు చూస్తే ఇంటర్వ్యూ తారీఖు దాటి నాలుగు దినాలు. ఆ పిల్ల ఎవ్వరినీ ఏమనలే. ఈ ఊర్లనే ఒక చిన్న దవాఖానల చేరింది, రెండేండ్లకు జ్వరమొచ్చి పోయింది.

దయ్యం మాట తల్లి ప్రేమలీల దాకా వచ్చింది. అది విన్ననాడే రిచర్డ్ తలకాయ దించుకొని, నేను చాటింగ్ ఒక్కటే బంద్ పెట్టుమన్న అని ఒప్పుకున్నడు. మూడు దినాలు ఆమెకు ముద్ద దిగలే. నాలుగో దినం సెంటర్‌కు నడిచింది.

నాలుగు కొట్టంగనే సామ్ మూడో నంబరు కంప్యూటర్ ఆన్ చేసిండు. మెయిల్ పేజీ వచ్చింది. తెరవంగనే అదే వచ్చేటట్టు అతనే పెట్టుకున్నడు. ఐదు దాకా ఆడ ఎవ్వరినీ కూసోనియ్యడు, ప్రేమలీలను మాత్రం ఆపలే. దయ్యమంటే గంతే.

గంతే అని తెలిసినా, ఆ కుర్చీల కూసునేసరికి ప్రేమలీల ఒళ్లు జల్లుమన్నది. బిడ్డ ఇప్పుడే లేచి పోయినట్టున్నది. తెర మీద పేరు రాసేకాడ సన్నటి గీత కొట్టుకుంటున్నది, ఎవరికోసమో ఆగినట్టు.

"సామ్, ఆయన చాటింగ్ ఒక్కటే అన్నడట గద. మెయిల్ ఎట్ల బందైంది? పొరపాటా?"



"రెండూ ఒక్క సైటుల్నే ఉంటయి ఆంటీ. ఆ సైటు పేరు రాస్తే మెయిల్ గూడ పోతదని, రాసేటప్పుడే నాకెరుక."