స్తంభానికొక ఫ్యూజు

మా గల్లీలో స్తంభానికొక ఫ్యూజు పెట్టిన నాటి నుంచి నాకు కుదురు లేదు. అంతకుముందు గల్లీ మొత్తానికీ ఒకటే ఫ్యూజు, మలుపు దగ్గరి డబ్బాలో ఉండేది. ఏ స్తంభంలో తేడా వచ్చినా అది కొట్టేసేది, అందరి ఇళ్ల ముందూ చీకటయ్యేది. ఫిర్యాదు చేయడానికి మాత్రం నేనొక్కదాన్నే. ఫోను చేసేది నేను, మున్సిపాలిటీ మెట్లెక్కేది నేను. లైట్లు వెలిగాక "అచ్చినయా?" అంటూ తాపీగా బయటికొచ్చేది మిగతావాళ్లు. నీవల్లే వచ్చాయని ఒక్కరూ అనలేదు. ఇప్పటికీ అనలేదు.

నేను అంతగా పోరితేనే కరెంటాయన ఒక రోజు నిచ్చెన వేసుకొని వచ్చాడు. మా గల్లీవి ఇనుప స్తంభాలు. తీగలు భూమిలోంచి వస్తాయి. ప్రతి స్తంభానికీ మోకాటి ఎత్తులో ఒక చిన్న ఇనుప తలుపు, దానికొక గడియ ఉంటాయి. ఆ తలుపులన్నీ తీసి లోపల ఒక్కొక్క ఫ్యూజు బిగించాడు.

"ఇగ ఫికర్ లేదక్కా. ఎవలది ఖరాబైతే వాళ్లదే పోతది. మిగిలినోళ్లకు పరేషాన్ ఉండది" అన్నాడు.

మంచి మాటే అనుకున్నాను. కొద్ది రోజులకే నా ఇంటి ముందరి లైటు పోయింది. నాదొక్కటే. గల్లీ ఆ కొస నుంచి ఈ కొస దాకా తెల్లగా వెలుగుతూ ఉంటే నడుమ నా అరుగు మీద చీకటి, ఊడిపోయిన పన్నులాగ.

నా ఎదురిల్లు మా యారాలిది, అంటే నా మరిది భార్యది. మరిది దుబాయిలో ఉంటాడు. నా పెనిమిటి కాగజ్‌నగర్ మిల్లులో పనిచేస్తాడు, సెలవు దొరికితే వస్తాడు. మరిది డబ్బు పంపితే యారాలు అరుగుకు నల్లటి గ్రానైటు వేయించుకుంది. వాళ్లు ఆ ఇంట్లోకి కొత్తగా పోయిన రోజు వచ్చినవాళ్లందరికీ పూల కప్పుల్లో చాయ్ ఇచ్చి, నాకు మాత్రం స్టీలు గ్లాసులో ఇచ్చింది. "నువ్వు ఇంటిదానివే కదక్కా" అంది నవ్వుతూ. ఇంటిదాన్ని కాబట్టే ముందు నాకు కప్పు ఇవ్వాలి. ఆ గ్లాసు అంచు దగ్గర చిన్న సొట్ట కూడా ఉంది.

గ్రానైటు ఉన్నా, కప్పులు ఉన్నా, ఒకటి మాత్రం దానికి లేదు. పొద్దుగూకితే గల్లీలోని ఆడవాళ్లంతా చాటలు పట్టుకొని నా అరుగు మీదికే వచ్చేవాళ్లు. అందరం బీడీలు చేసేవాళ్లమే. పగలు ఇంటి పని సగం, బీడీలు సగం. సాయంత్రం కూర్చుంటేనే మరునాడు కార్ఖానాలో అప్పజెప్పే కట్టలు పూర్తవుతాయి. నా స్తంభం లైటు సరిగ్గా చాటలో పడుతుంది. ఆకు ఈనె కూడా కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యం, మాటలు. ఎవరి కోడలు అలిగింది, ఎవరి కొడుక్కు వీసా వచ్చింది, అన్నీ నా అరుగు మీదనే మొదట తెలిసేవి. ఎదురింటి అరుగు మీద యారాలు ఒక్కతే కూర్చొని ఫోను చూసుకునేది. చివరికి ఉండబట్టలేక అదీ చాట పట్టుకొని వచ్చేది. నేను జరిగి చోటు ఇచ్చేదాన్ని. కానీ స్తంభం పక్కది నా చోటు, అది మాత్రం ఇచ్చేదాన్ని కాదు.

నా లైటు పోయిన సాయంత్రం ఒక్కొక్కరే వచ్చి, చీకటి చూసి ఆగారు.

"వదినా, కండ్లు గుంజుతయే. గా అరుగు మీద కూసుందాం, నువ్వు గూడ రా" అంది మూలింటామె.

యారాలు అప్పటికే గ్రానైటు మీద చాప పరిచింది. నేను వెళ్లలేదు. లోపల గ్యాసు పొయ్యి మీద ఏమీ లేకున్నా ఏదో మాడుతున్నట్టు హడావుడిగా తలుపేసుకున్నాను. కిటికీలోంచి అంతా కనిపిస్తూనే ఉంది. వాళ్ల నవ్వు వినిపిస్తోంది కానీ దేనికి నవ్వుతున్నారో వినిపించడం లేదు. అది భరించలేకపోయాను. యారాలు పూల కప్పుల్లో చాయ్ కూడా తెచ్చింది.

మరునాడే కరెంటాయనకు ఫోను చేశాను. వచ్చేదాకా చేశాను. వచ్చినాయన నా లైటు ఊడదీసి యారాలి స్తంభానికి, దాని లైటు నా స్తంభానికి పెట్టి చూశాడు. నా లైటు అక్కడ భేషుగ్గా వెలిగింది. దాని లైటు నా దగ్గర వెలగలేదు.

"లైటు మంచిదేనక్కా. నీ స్తంభంలనే కథున్నది."

"నాదాంట్లనే ఎందుకుంటది కథ? ఎదురుంగ ఎందుకుండది?"

"గది నన్నడిగితే ఎట్ల?" అని నవ్వి, చిన్న తలుపు తీసి చూశాడు. ఫ్యూజు తీగ కాలిపోయి ఉంది. కొత్త తీగ చుట్టాడు, లైటు వెలిగింది. లైట్లు మళ్లీ మార్చి ఎవరిది వారికి పెట్టమన్నాను. ఎందుకని అడిగాడు. నాది నాకే కావాలని చెప్పాను.

ఆ సాయంత్రం అందరూ నా అరుగు మీదికి వచ్చారు. నేనూ చాయ్ పెట్టాను, అందరికీ ఒకే రకం గ్లాసుల్లో. గ్లాసులు ఖాళీ కాకముందే లైటు పోయింది. చీకట్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"అక్కా, నీ చాయ్ మస్తు గరమున్నట్టుంది, లైటు గూడ తాళలే" అంది యారాలు.

అందరూ నవ్వారు. చాటలు ఎత్తుకొని, చీకట్లో కాళ్లతో చెప్పులు వెతుక్కొని, మళ్లీ ఎదురింటికి వెళ్లారు.

కరెంటాయన మళ్లీ వచ్చాడు. ఈసారి స్తంభం లోపల ఫ్యూజు నుంచి లైటు దాకా తీగ మొత్తం మార్చాడు. లైటు వెలిగింది. ఆడవాళ్లు మాత్రం రాలేదు. రోజూ వెలిగే లైటు కింద నేనొక్కదాన్నే చాట ముందేసుకొని కూర్చున్నాను. కొన్ని రోజులు చూసి, లైటు పోవడం లేదని నమ్మి, ఒక సాయంత్రం అంతా వచ్చారు. కొంతసేపు వెలిగి మళ్లీ పోయింది.

వాళ్లు లేనన్ని రోజులు వెలుగుతుంది, వాళ్లొచ్చిన పూట పోతుంది. అదీ యారాలు ఉన్నప్పుడే పోతుంది. నాకిక సందేహం లేకపోయింది. దాని కన్నే. లేకుంటే అదే ఏదో చేయిస్తోంది. ఈ మాట ఆ చీకట్లోనే, అందరూ వినేలా అన్నాను.

"నేనేం జేస్తనక్కా? స్తంభమెక్కుతనా?" అంది యారాలు.

"ఎక్కేదానివే!"

"ఓర్వలేవక్కా నువ్వు. నా అరుగు మీద నలుగురు కూసుంటే నీకు నిద్రవడతలేదు" అని చాట ఎత్తుకుంది. మిగతావాళ్లు దాని వెనకే నడిచారు. మూలింటామె మాత్రం వెళ్తూ వెళ్తూ స్తంభం గడియకు తగిలించిన ఆకు మూటను తీసుకుపోయింది.

తెల్లవారగానే కరెంటాయన ఇంటికే వెళ్లి పిలుచుకొచ్చాను. ఆయన పళ్లు తోముకుంటున్నాడు, తోముకునేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. తిట్టుకుంటూ వచ్చి చిన్న తలుపు తీశాడు. ఎప్పుడూ రెండు మూడు రోజులు తిప్పుకొని వచ్చేవాడు, అందుకే అప్పటికి లోపలంతా ఎండిపోయి ఉండేది. ఆ పొద్దు ఇంకా తడి ఉంది. ఫ్యూజు కింద తీగలు కలిసే చోట నీటి చుక్కలు, పచ్చటి చిలుము, దానికి అతుక్కొని చిన్న ఆకు ముక్క.

"వానల్లేవు. గీ నీళ్లు ఎక్కడివి?" అన్నాడు. ఆకు ముక్క తీసి వాసన చూశాడు. "తునికాకు."

బీడీ ఆకును నానబెట్టి తడి గోనెగుడ్డలో చుట్టి ఉంచుతాం. ఎండితే పటుక్కున విరుగుతుంది. నేల మీద పెడితే మట్టి అంటుతుందని, అందరి ఆకూ ఒకే మూట కట్టి స్తంభం తలుపు గడియకు తగిలించడం మా అలవాటు. చేతికి అందే ఎత్తు, గట్టి ఇనుము, ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది? నా స్తంభం తలుపు అంచున ఉన్న రబ్బరు ఎప్పుడో ఊడింది. మూట నుంచి కారిన నీళ్లన్నీ ఆ సందులోంచి లోపలికి పోయాయి.

కరెంటాయన ముఖం మారింది. "ఫ్యూజు కొట్టేసింది కాబట్టి బతికిండ్రు. ఫ్యూజు పోతున్నదని ఎవడన్నా దానికి లావు తీగ చుట్టి ఉంటే, స్తంభమంత కరెంటచ్చేది. మూట తియ్యవోయిన చెయ్యి అట్లనే పట్టుకునేది."

లోపల తుడిచి, చిలుము గీకి, తీగలు కొత్తగా కలిపి, టేపు చుట్టి, రబ్బరు వేసి, ఫ్యూజు పెట్టాడు. సంచీ సర్దుకొని వెళ్లిపోయాడు.

నేను తలెత్తి చూశాను. రాత్రి మూలింటామె తీసుకుపోయిన ఆకు మూట యారాలి స్తంభం గడియకు వేలాడుతోంది, కింద నేల తడిసి ఉంది. దాని తలుపు రబ్బరు ఇంకా గట్టిగా ఉన్నట్టుంది. ఎన్నాళ్లుంటుంది? దానిదీ పోనీ, దాని గ్రానైటు కూడా చీకట్లో పడనీ అనుకున్నాను. ఒక పూటంతా అదే తలచుకుంటూ సంతోషంగా ఉన్నాను. తర్వాత, మూట తీయబోయేది ఎవరి చెయ్యో గుర్తొచ్చింది. మూలింటామె చెయ్యి కావచ్చు, ఇంకెవరిదైనా కావచ్చు.

సాయంత్రం అందరూ యారాలి అరుగు మీద చేరాక వెళ్లి చెప్పాను. తడి గురించి, తీగల గురించి, లావు తీగ గురించి. నేను చెప్పేది విన్నారు, కత్తెరలు మాత్రం ఆగలేదు.

"గట్లనా?" అంది మూలింటామె, తల ఎత్తకుండానే.

"మమ్ముల నీ అరుగు మీదికి గుంజుకపోయెతందుకు ఎన్ని కతలక్కా!" అంది యారాలు. "మొన్న నేను దిష్టి వెట్టిన. ఇయ్యాల ఆకు వెట్టిందా?"

మొన్న ఆ మాట అన్నది నేనే. కొంగు చేతికి చుట్టుకొని, గుడ్డకే తగిలేలా పట్టి, మూటను గడియ నుంచి ఊడబెరికాను. రోడ్డు దాటి మా గోడ మేకుకు తగిలించాను. స్తంభానికి దూరంగా.

"ఆకు గీడనే ఉంటది. కావాల్నంటే రాండ్రి!"

పెద్ద ఒర్రుడు లేచింది. దొంగతనమన్నారు, పిచ్చి అన్నారు. ఆకు లేనిదే చేతులు ఆడవు. ముందు మూలింటామె నాలుగు ఆకుల కోసం వచ్చింది. మళ్లీ నాలుగింటి కోసం వచ్చింది. మూడోసారి "మాటిమాటికి ఎవలు తిరుగుతరు?" అని గొణుక్కుంటూ చాటతో సహా వచ్చి కూర్చుంది. చీకటి పడే సరికి మిగతావాళ్లూ వచ్చారు. నా లైటు వెలుగుతూనే ఉంది.

యారాలు చాలాసేపు తన అరుగు మీదే కూర్చుంది. నేను అటు చూడలేదు, చూసినట్టు తెలియకుండా చూశాను. చివరికి చాట నడుముకు ఆనించుకొని రోడ్డు దాటింది. వస్తూ వస్తూ పూల కప్పొకటి తెచ్చి నా ముందు పెట్టింది. లోపల చాయ్.

"తాగు. గ్లాసు గురించి ఇంకెన్నేండ్లు మనసుల వెట్టుకుంటవ్?"

నేను ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు, దానికెట్లా తెలిసిందో. చాయ్ తాగాను, చక్కెర తక్కువగా ఉంది. ఆ మాట అన్నాను.

"జరుగక్కా, నాకిక్కడ వెలుతురు చాలుతలేదు" అంది.

మూలింటామె, ఆమె పక్కామె వెంటనే జరిగారు, నన్నూ మోచేత్తో నెట్టారు. స్తంభం పక్కన, వెలుగు నేరుగా పడే నా చోట్లో అది కూర్చొని దుబాయి సంగతులు మొదలుపెట్టింది. అందరి ముఖాలూ దానివైపు తిరిగాయి. నేను అంచున కూర్చొని, చాటను వెలుగు వైపు వంచుకొని ఆకు కత్తిరించాను. రేపు అందరికంటే ముందే వచ్చి ఆ చోట్లో కూర్చుంటాను.