ఈరోజు ఎద్దు ఎవరు?

నుదుట నిలువు నామం, చంకలో సిరంజి పెట్టె, ఊరవతలికి వినబడే గొంతు. ఇవి ఉన్నాయంటే కాంపౌండరు యతిరాజులు వస్తున్నాడని అర్థం. పల్లెలోని పశువుల ఆస్పత్రికి డాక్టర్లు వచ్చారు, బదిలీ అయి పోయారు, ఆయన మాత్రం కదల్లేదు. ఏర్పేడులో బస్సు దిగి పశువుల మందుకోసం ఆ పల్లెకు నడిచొచ్చే రైతులు ఆయన్నే చిన్న డాక్టరు అనేవాళ్లు. అది విని విని, ఆస్పత్రిలో అందరూ తన చేతికింద వాళ్లేననుకున్నాడు, డాక్టరుతో సహా.

డెబ్బై ఎనిమిదిలో తిరుపతి నుంచి కుముదవల్లి అనే డాక్టరమ్మ వచ్చింది. ఆ వెంటనే మునిరామయ్య ఎద్దూ వచ్చింది. కొమ్ములో క్యాన్సరు. కొమ్ము కోసేయకపోతే ఎద్దు దక్కదు. కోయాలంటే ముందు తాడు వేసి మెల్లగా పడుకోబెట్టాలి, పుండున్న కొమ్ము నేలకు తగలకూడదు. తాడు వేశారు. డాక్టరమ్మ "ఆగండి" అంది. యతిరాజులు "లాగండ్రా" అన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక అటెండరు కుప్పయ్య పలుపు వదిలేశాడు. తాడు పట్టుకున్న మిగతావాళ్లను ఎద్దు రోడ్డుదాకా ఈడ్చుకుపోయింది. యతిరాజులు పంచె మాత్రం మధ్యలో కంపచెట్టు దగ్గరే ఆగిపోయింది.

"ఇంగొక్కసారి తెస్తా" అన్నాడు మునిరామయ్య, ఎద్దును పట్టుకున్నాక. "అప్పుడూ ఇట్టే అయితే కబేళాకు తోలేస్తా. మీ సర్కసు సూసేదానికి నాకు తీరిక లేదప్పా."

మర్నాడు డాక్టరమ్మ అందరినీ వాకిట్లోకి పిలిచింది. "లాగమని నేనొక్కదాన్నే చెప్తాను. ప్రమాదం కనిపిస్తే ఆగమని ఎవరైనా అనొచ్చు. ఎద్దు వచ్చేదాకా రోజూ నేర్చుకుందాం."

"ఎద్దు యాడుండాదమ్మా?" అన్నాడు కుప్పయ్య.

"మనలోనే. ముందురోజు తప్పు చేసినవాళ్లే ఎద్దు."

అందరూ యతిరాజులువైపు చూశారు.

ఆయన గొణుక్కుంటూ చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించాడు. "ఊడ్చే గంగులమ్మ గూడా నన్ను ఆపొచ్చునా?" అన్నాడు కిందినుంచే.

"ఎద్దులు మాట్లాడవు సామీ" అంది గంగులమ్మ, తోక ఉండాల్సిన చోట నిలబడి. కోళ్లకు టీకా వేయించడానికి వచ్చిన ఆడవాళ్లు గంపలు దించుకుని మరీ చూశారు.

తర్వాత చాలా రోజులు ఎద్దు ఆయనే. ఎంత బిగబట్టినా "లాగు" అనే మాట నోట్లోంచి జారిపోయేది. అయితే ఎద్దులా తాడు కట్టించుకుని ఉన్నప్పుడు ఆయనకు ఒకటి తెలిసొచ్చింది. కుప్పయ్య ముందుగా లాగితే మోకాలు రాయికి కొట్టుకునేది. అందరూ కలిసి లాగితే ఒళ్లో పడుకోబెట్టినట్టుండేది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, పరువు తక్కువ గదా!

ఒకరోజు మునిరామయ్య ఎద్దును మళ్లీ తోలుకొచ్చాడు. తాడు వేశారు. యతిరాజులు నోట్లో మాట ఉబికొచ్చింది. వక్కాకు దవడన నొక్కిపెట్టి ఊరుకున్నాడు.

"లాగండి" అంది డాక్టరమ్మ.

"ఆగు!" అని అరిచింది గంగులమ్మ.

అందరూ గుంజల్లా నిలబడిపోయారు. యతిరాజులు కాలు తాడు ఉచ్చులో ఉంది! ఆయన గబుక్కున కాలు తీసుకున్నాడు. డాక్టరమ్మ నుదురు తుడుచుకుని, ఒక్కొక్కరి కాళ్లూ చూసి, మళ్లీ లాగమంది. ఎద్దు బద్ధకంగా మోకాళ్లు మడిచి ఒరిగింది. కుప్పయ్య దాని తలను ఒళ్లోకి తీసుకున్నాడు. మత్తుసూది వేసి కొమ్ము కోశారు, కట్టు కట్టారు. ఎద్దు లేచి నిలబడి యతిరాజులు భుజం నాకింది.

"ఒంటికొమ్ము నాయాలా, ఇంగ నీకు పిల్లనెవురిస్తార్రా" అంటూ మునిరామయ్య కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

మర్నాడు ఎవరూ చెప్పకముందే యతిరాజులు పంచె ఎగగట్టి వాకిట్లోకి దిగాడు. డాక్టరమ్మ అప్పటికే కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది.

"కాళ్లు చూడకుండా లాగమన్నది నేను. ఈరోజు ఎద్దు నేనే" అంది.

"తాట్లో కాలు పెట్టినోణ్ణి నేను గదమ్మా! నా వంతు నాకియ్యండి."

"లేదు, నాది."

గంగులమ్మ చీపురు గోడకు ఆనించింది.

"కొట్లాడుకోబాకండి సామీ. కుప్పయ్యా, పోయి కాడి తీసుకురాపో."