చేపలు లేని తొట్టిలో జొన్నరొట్టె

కొత్తగా పెట్టుకున్న అక్వేరియం నుంచి నిన్న పులిసిన వాసన రాగానే మార్కాపురంలోని మా ఇల్లు గుర్తుకు వచ్చింది. నా చిన్నప్పుడు, అవ్వ చనిపోయిన ఏడాది, నాయన ఒక గాజుతొట్టి తెచ్చి, అడుగున పలకరాళ్ళు పరిచి, నీళ్ళు నింపాడు. చేపలను మాత్రం తేలేదు. అయినా రోజూ పొద్దున ఆ నీళ్ళలో చిటికెడు మేత వేసేవాడు. పెద్దలకు పెట్టినట్టు అవ్వకే పెడుతున్నాడని నేను నమ్మాను. అది ఆమెకు చాలదన్న దిగులుతో ఒకరోజు జొన్నరొట్టె తుంచి వేశాను. మర్నాటికి నీళ్ళు తెల్లబడి కంపు కొట్టాయి.

“ఏంది పాపా ఇది? రొట్టె ఎవురేసినారు?”

“నేనే నాయనా. నువ్వు పెట్టే చిటికెడుతో అవ్వకు కడుపు నిండుతుందా?”

మేత కుళ్ళితే పుట్టే విషాన్ని తినే సూక్ష్మజీవులు పెరిగాకే చేపలను వదలాలనీ, ఆ చిటికెడు వాటి కోసమనీ కాలేజీకి వచ్చాకే నాకు తెలిసింది. ఆ రోజు నాయన సగం నీళ్ళు తోడి పారబోసి, “ముసలి పానం గదమ్మా, అంత రొట్టె అరగలే. రేపట్నుంచి చిటికెడు నువ్వే పెట్టు,” అన్నాడు.

ప్రతి వాదానికీ ఆధారం అడిగే నేను, ఆ మాటను ఈనాటికీ ఖండించలేదు.